సరుకులు కొన్నారు సరే, తుపానుకు ఇంకా ఏం చేయాలి?

ఆశ్వయుజం వచ్చిందంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి బరంపురం, పర్లాకిమిడి దాకా అందరూ అడిగేది ఒకటే. "బియ్యం, పప్పు, కొవ్వొత్తులు, బ్యాటరీలు తెచ్చి పెట్టుకున్నాం. ఇంకా ఏం కొనాలి?" కొనాల్సింది పెద్దగా లేదు, చేసి పెట్టుకోవాల్సిందే చాలా ఉంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, 1999లో గంజాంను కొట్టిన తుపాను, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి ఈ కింది పనులు సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. తుపాను పేరు టీవీలో వినబడ్డాక వీటిలో సగం చేయడానికి వీలుండదు.

ముందు సమకూర్చుకోవలసినవి

- గోడకు అంటించే ఒక చార్టు కాగితం, మార్కరు
- జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవర్లు నాలుగైదు, భుజానికి తగిలించుకునే ఒక సంచి
- బ్యాటరీతో నడిచే చిన్న రేడియో
- 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. కొత్త ఫోనుకు ఇది ఒకటిన్నర సార్లు ఛార్జింగు ఇస్తే గొప్ప. మీద రాసిన అంకె చూసి రెండుసార్లు వస్తుందని లెక్క వేసుకోకండి.
- సీలు తీయని బ్లీచింగ్ పౌడరు కిలో, క్లోరిన్ బిళ్లలు
- రెండు మట్టి కుండలు, ఒకటి ఇంకొకదానిలో పట్టేలా (ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే)

1. మనిషికో పని రాసి గోడకు అంటించండి

"అందరం కలిసి చూసుకుందాం" అనుకున్న ఇంట్లో గ్యాస్ రెగ్యులేటరు ఎవరూ కట్టరు. చార్టు మీద పని ఎదురుగా పేరు రాయండి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఎవరు చేయాలో రెండో పేరు కూడా ఉండాలి. మన వైపు మగవాళ్లు సగం మంది హైదరాబాదులోనో, విశాఖలోనో, సూరత్‌లోనో ఉంటారు. కాబట్టి రెండో పేరు చాలాసార్లు కోడలిదో, పదో తరగతి పిల్లదో అవుతుంది. ఆ పిల్లకు మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఎలా దించాలో ఇప్పుడే చేయించి చూడండి.

తప్పనిసరిగా పేరు ఉండాల్సిన పనులు: మెయిన్ స్విచ్ దించడం, గ్యాస్ కట్టడం, కాగితాల సంచి, మందుల సంచి, ముసలివాళ్లను నడిపించడం, గొడ్ల పలుపులు విప్పడం, పక్కింట్లో ఒంటరిగా ఉండేవాళ్లను పిలవడం.

గొడ్ల గురించి ఒక మాట. కట్టుకొయ్యకు కట్టేసి ఉంటే శాల కూలినా, నీళ్లు వచ్చినా అవి అక్కడే చచ్చిపోతాయి. మెట్టకు తోలే వీలుంటే ముందురోజే తోలండి, లేకపోతే పలుపు విప్పి వదిలేయండి.

2. ఏ హెచ్చరికకు ఏం చేస్తారో ముందే తేల్చుకోండి

వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. సుమారు 72 గంటల ముందు తొలి కబురు, 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. చార్టు మీదే ఇలా రాసుకోండి:

- తొలి కబురు: మందులు, డయాలసిస్ ముందే చేయించుకోవడం, ఫోన్లు
- పసుపు: కాగితాల సంచి సిద్ధం, చూరు మీదకు వాలిన కొమ్మలు నరకడం, కోసిన పంట కల్లానికి చేర్చడం
- నారింజ: రేకుల ఇల్లు, పెంకుటిల్లు, తీరం పక్క ఇల్లు అయితే చీకటి పడకముందే బయల్దేరడం
- ఎరుపు: ఎవరూ రోడ్డెక్కకూడదు

నారింజ దగ్గర "చీకటి పడకముందే" అన్న మాట కింద గీత గీయండి. తిత్లీ తెల్లవారుజామున తీరం దాటింది. అలాంటి తుపానుకు "పొద్దున్నే చూద్దాంలే" అనుకుంటే ఆ పొద్దు రాదు. కరెంటు పోయి, చెట్లు పడి ఉన్న దారిలో ముసలమ్మను నడిపించడం ఎవరి తరం కాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు.

మొదటిది రేవు నంబర్లు. కళింగపట్నంలోనో గోపాలపూర్‌లోనో ఎనిమిదో నంబరు ఎగరేశారంటే "పది పెట్టాక కదులుదాం" అంటారు. 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి మధ్య తేడా. పైగా అవి ఓడల కోసం పెట్టినవి. మీ ఇంటికి వాతావరణ శాఖ రంగునే నమ్మండి.

రెండోది "మనకు కాదట, పలాస దగ్గర దాటుతుందట" అని ఊపిరి పీల్చుకోవడం. పడమరకో వాయవ్యానికో వచ్చే తుపానులో గాలి సముద్రం మీది నుంచి నేల మీదకు తోసేది కుడి పక్క, అంటే ఉత్తరపు పక్కన. పలాస దగ్గర దాటితే సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, ఆపై గోపాలపూర్ వైపు తీరమే ఆ కుడి పక్కన పడుతుంది. ఉప్పెన భయం అక్కడే ఎక్కువ. దక్షిణాన దాటుతుందన్న వార్త వింటే మీరు ఇంకా జాగ్రత్త పడాలి.

లోపలి ఊళ్లకు లెక్క వేరు. గుణుపురం, కాశీనగరం, హిరమండలం వైపు వంశధార, పర్లాకిమిడి వైపు మహేంద్రతనయ, ఇచ్ఛాపురం దగ్గర బాహుదా పొంగుతాయి. పైన కొండల్లో కురిసిన వాన కిందికి రావడానికి సమయం పడుతుంది. మబ్బు విడిచి ఎండ కాసినా, ఏటిలో నీరు తగ్గిందన్న కబురు, వంశధార దిగువన అయితే గొట్టా బ్యారేజీ నుంచి వదిలే నీటి కబురు తెలిసేదాకా ఏటి గట్టు ఇంటికి తిరిగి వెళ్లకండి. కొండ కింద ఊళ్లలో నేల నెర్రెలిచ్చినా, చెట్లు ఒక పక్కకు ఒరిగినా, గెడ్డలో నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా లేక ఆగిపోయినా వెంటనే అక్కడి నుంచి పక్కకు కదలాలి. తిత్లీ వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. కొండ చాటును ఆశ్రయం అనుకోకండి.

3. కబురు మనిషిని పెట్టుకోండి

తుపాను పడ్డాక ఊళ్లో ఒకరికొకరు ఫోను చేసుకుంటే కలవదు, ఛార్జింగు మాత్రం అయిపోతుంది. తుపాను తగలని ఊళ్లో, అంటే హైదరాబాదులోనో సూరత్‌లోనో ఉన్న ఒక బంధువును కబురు మనిషిగా పెట్టుకోండి. ఇంట్లో అందరూ ఆయనకే కబురు పంపాలి, అందరూ ఆయననే అడగాలి. బావగారు, చిన్నాన్న, మేనకోడలు ఎవరైనా సరే, రాత్రి ఫోను ఎత్తే మనిషై ఉండాలి.

ఎలా పంపాలంటే:

- మాట్లాడే కాల్ కలవనప్పుడు కూడా ఎస్‌ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ. వాట్సాప్ మీద ఆధారపడకండి.
- తెలుగు లిపిలో రాస్తే ఒక ఎస్‌ఎంఎస్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో 160. అందుకని తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.
- వరుస మారకుండా నాలుగే సంగతులు: ఎవరెవరం, ఎక్కడున్నాం, దెబ్బలేమైనా తగిలాయా, ఏం కావాలి.
- పొద్దున ఏడుకు ఒకటి, సాయంత్రం ఏడుకు ఒకటి. మిగతా సమయంలో ఒక్క ఫోను ఆన్‌లో ఉంచి, మిగిలినవి పూర్తిగా ఆపేయండి.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఫోను ఏ టవరు దొరికితే దాన్నే పట్టుకుంటుంది. ఇచ్ఛాపురంలో నిలబడి అత్యవసర నంబరు 112 కొడితే ఒడిశా వైపు వాళ్లు ఎత్తవచ్చు, సరిహద్దు పక్క ఒడిశా ఊళ్లలో కొడితే ఆంధ్రా వాళ్లు. అందుకని మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, మండలమో బ్లాకో చెప్పి, ఆ తరువాతే ఊరి పేరు చెప్పండి. 1077 జిల్లా కంట్రోల్ రూముది, కానీ అవతలి టవరు మీద ఉంటే అది మీ జిల్లాకు వెళ్తుందన్న హామీ లేదు. కలెక్టరేటు కంట్రోల్ రూము ల్యాండ్‌లైను నంబరు ఎస్‌టీడీ కోడుతో సహా తెలుసుకుని చార్టు మీద రాయండి. ఫోనులో మాత్రమే ఉన్న నంబరు, ఫోను ఆగితే లేనట్టే.

సరిచూసుకోవడం: ఈ ఆదివారం ఇంట్లో ప్రతి ఒక్కరూ కబురు మనిషి నంబరు చూడకుండా చెప్పగలగాలి. పిల్లలు కూడా. రేడియోలో విశాఖపట్నం, బరంపురం కేంద్రాల్లో మీ ఇంట్లో ఏది స్పష్టంగా వస్తుందో తిప్పి చూసి, ఆ అంకె రేడియో మీదే అంటించండి.

4. కాగితాలు, ఫోటోలు

ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా, ఆరోగ్య కార్డు, బీమా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు. అసలువి జిప్ కవర్లో వేసి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టండి. ఒక కవరైతే మడత దగ్గర నీళ్లు దిగుతాయి. జిరాక్సు ప్రతులు కబురు మనిషికి ఇప్పుడే పంపేయండి. డిజీలాకర్ ఉందని ధీమా పడేవాళ్లు, నెట్ లేకపోతే అది తెరుచుకోదని గుర్తుంచుకుని పీడీఎఫ్‌లు ఫోనులోకి దించి పెట్టుకోవాలి.

రెండు రాష్ట్రాల్లోనూ భూమి ఉన్నవాళ్లు ఒడియా పట్టాలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఒడియా చదవగలిగిన వాళ్లతో చూపించుకోండి. ఇంటిపేరు ఎగిరిపోవడం, తండ్రి పేరు మారడం తరచూ కనబడేవి. తుపాను అయ్యాక నష్టపరిహారం జాబితా రాసేటప్పుడు దిద్దించుకోవాలంటే అప్పటికే ఆలస్యం.

ఇప్పుడు, ఎండ ఉండగానే, ఇంటిని ఫోటో తీయండి. నాలుగు గోడలు బయటి నుంచి, పైకప్పు, లోపల ప్రతి గది, గొడ్ల శాల, బోరు మోటారు. కొబ్బరి, జీడి తోటలు నడుస్తూ వీడియో తీసి, చెట్లు ఎన్నో నోటితో చెప్పండి. ఫోటోలో ఇంటి మనిషి ఒకరు నిలబడి ఉండాలి. తరువాత "ఇది ఎవరి ఇల్లు" అన్న ప్రశ్న రాదు.

5. మందుల మీద ఉన్నవాళ్లు

సరుకుల జాబితాలు అన్నీ వదిలేసేది ఇదే. ఉద్దానంలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు కిడ్నీ జబ్బుతో ఉన్నారు, కాబట్టి దీన్ని ఆగి చదవండి.

*డయాలసిస్ చేయించుకునేవాళ్లు*

తొలి కబురు వినగానే డయాలసిస్ కేంద్రానికి వెళ్లి, వాయిదా రాకముందే ఒకసారి చేయమని అడగండి. ఎరుపు హెచ్చరిక వచ్చాక అంబులెన్సు కూడా కదలలేదు. మీ కేంద్రంలో కరెంటు లేకపోతే ఎక్కడికి వెళ్లాలో రెండు పేర్లు రాసుకోండి. ఒకటి దక్షిణాన, ఒకటి ఉత్తరాన ఉండాలి, ఎందుకంటే జాతీయ రహదారి ఏ వైపు తెరుచుకుంటుందో ముందు తెలియదు. ఇచ్ఛాపురం వాళ్లకు శ్రీకాకుళం కంటే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రే దగ్గర. అక్కడ మీ ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) చెల్లుతుందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

కొత్త కేంద్రం వాళ్లు అడిగేవి: చివరి డయాలసిస్ షీటు, మీ పొడి బరువు (డయాలసిస్ అయ్యాక ఉండాల్సిన బరువు), హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు, మందుల చీటీ. ఈ రిపోర్టులు లేకపోతే మిషను ఖాళీగా ఉన్నా ఆలస్యమవుతుంది. ఇవి కాగితాల సంచిలో వద్దు, మందుల సంచిలోనే ఉండాలి.

తరువాత నీళ్లు. తుపాను తరువాత మన తోటల్లో నేల మీద గెలలకు గెలలు పడి ఉంటాయి. మంచినీళ్లు లేవు కాబట్టి అందరూ బోండాలు కొట్టి తాగుతారు. కిడ్నీలు పనిచేయని మనిషికి కొబ్బరి నీళ్లు ఇవ్వకండి. అందులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ కూడా తప్పిన రోజుల్లో అది ఒంట్లో పేరుకుని గుండె కొట్టుకోవడాన్నే ఆపేయగలదు. అరటిపండు, బత్తాయి రసం, టమాటా, బంగాళాదుంపలకూ ఇదే మాట. నీరసంగా ఉందని ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి ఇవ్వడం కూడా తప్పే, అందులోనూ పొటాషియం ఉంటుంది. కూర తప్పకపోతే ముక్కలు చిన్నగా కోసి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు కూడా వార్చేయాలి. డయాలసిస్ ఆలస్యమైతే రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి, ఏం తినాలి అన్నది మీ డాక్టరుతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.

ఆయాసం, కాళ్లు పట్టు తప్పడం, గుండె లయ తప్పడం కనబడితే ఇంట్లో ఆగకూడదు. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే చోటు) ఉన్న చేతితో సంచులు మోయనివ్వకండి, ఆ చేతికి గట్టిగా గుడ్డ కట్టకండి.

*ఇన్సులిన్*

పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, చుట్టూ ఇసుక తడుపుతూ ఉండండి. మూత మీద తడిగుడ్డ వేసి, గాలి ఆడే నీడలో పెట్టండి. సీసా నీళ్లలో మునగకూడదు, జిప్ కవర్లో ఉంచండి. ఐసుకు ఆనించి పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మామూలుగా తేటగా ఉండే రకం మబ్బుగా కనబడితే పారేయండి.

*నిండు గర్భిణులు*

నెలలు నిండుతున్నవాళ్లను పసుపు దశలోనే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. ఒడిశా వైపు మారుమూల బ్లాకుల్లో దీనికోసమే 'మా గృహ' అనే వసతి ఇళ్లు ఉన్నాయి. ఆశా కార్యకర్తను అడిగితే ఏర్పాటు చేస్తారు.

బీపీ, షుగరు, ఆస్తమా, మూర్ఛ మందులు రెండు వారాలకు అదనంగా ఉంచుకోండి. ప్రతి స్ట్రిప్పును పేరు, మిల్లీగ్రాములు కనబడేలా ఫోటో తీసి కబురు మనిషికి పంపండి. "తెల్ల మాత్ర, గుండ్రంది" అంటే ఏ దుకాణంవాడూ ఇవ్వలేడు.

6. ఒక సాయంత్రం నిజంగా చేసి చూడండి

చెప్పకుండా ఒకరోజు చీకటి పడ్డాక మెయిన్ దించేయండి. పదిహేను నిమిషాల్లో చార్టులో ఉన్నట్టు అందరూ తమ పని చేసి వాకిట్లోకి రావాలి. అక్కడి నుంచి తుపాను ఆశ్రయ భవనానికో బడికో నడిచి వెళ్లండి, ముసలివాళ్ల అడుగుతోనే. ఎంతసేపు పట్టిందో చార్టు మీద రాయండి. భవనం తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అందులో ఆడవాళ్లకు దొడ్డి ఎక్కడుందో చూసుకోండి. మొదటిసారి సామాన్యంగా తప్పేవి టార్చి ఎక్కడుందో తెలియకపోవడం, బీరువా తాళం దొరకకపోవడం. మరునాడే సరిచేసుకుని, నెలలోగా మళ్లీ చేయండి.

7. గాలి కొడుతున్నప్పుడు

మెయిన్ దించి, గ్యాస్ కట్టి, కిటికీలకు దూరంగా చిన్న గదిలో ఉండండి. రేకుల మీద ఇటుకలు, రాళ్లు పేర్చకండి, గాలికి అవే వచ్చి తగులుతాయి. గాలి ఒక్కసారిగా ఆగి నిశ్శబ్దమైతే తుపాను కన్ను మీ మీదకు వచ్చి ఉండొచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. రేడియోలో చెప్పేదాకా బయటకు రాకండి.

జనరేటరు ఇంట్లో కాదు, వసారాలో కూడా వద్దు. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. జనరేటరు తీగను ఇంటి ప్లగ్గులో గుచ్చి ఊరి లైనుకు కలిపితే, స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు కరెంటు కొడుతుంది.

నీళ్లు తీశాక పాములు ఇంట్లోకి వస్తాయి. కాటు వేస్తే కోయకండి, తాడు బిగించి కట్టకండి, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

8. నుయ్యి శుభ్రం చేసుకోవడం

వరద నీళ్లు దిగిన నూతిలో బ్లీచింగు గుమ్మరించేస్తే పని అయిపోదు. మురికిగా ఉన్న నీళ్లలో అది పనిచేయదు. ముందు తోడించి, బురద తీయించి, కొత్త నీరు ఊరాక మొదలుపెట్టండి.

లెక్క: నుయ్యి వ్యాసం × వ్యాసం × నీటి లోతు (అన్నీ మీటర్లలో) × 785 = లీటర్లు. వ్యాసం 2, లోతు 3 అయితే 2 × 2 × 3 × 785 = 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల పౌడరు, అంటే ఈ నూతికి సుమారు 24 గ్రాములు. వరద తరువాత ఇది చాలకపోవచ్చు, అందుకే కింద చెప్పిన పరీక్ష ముఖ్యం.

పౌడరును బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి తిప్పండి. పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేట ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నీటి లోపలికి దించి పైకీ కిందకీ ఆడించండి. అడుగు సున్నం నూతిలో వేయకండి. గంట ఆగండి.

గంట తరువాత తోడిన నీళ్లు సన్నగా క్లోరిన్ వాసన వేయాలి. ఆశా లేదా ఏఎన్‌ఎం దగ్గర క్లోరిన్ పరీక్ష కిట్టు ఉంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపాలి. ఏమీ కనబడకపోతే అదే మోతాదు మళ్లీ. రెండుసార్లకీ రాకపోతే పౌడరు పాతది అయి ఉంటుంది. సీలు తీసి నెలలు గడిచిన సంచిలో బలం ఉండదు. అప్పటిదాకా తాగే నీళ్లు కళపెళా కాచి చల్లార్చండి, లేదా క్లోరిన్ బిళ్ల వేయండి.

9. నష్టం రాయించుకోవడం

శిథిలాలు ఎత్తకముందే, తుపానుకు ముందు తీసిన కోణాల్లోనే ఫోటోలు తీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఇంకే వివరణా అక్కర్లేదు. చనిపోయిన పశువును పశువైద్యుడు చూసి కాగితం ఇవ్వకముందు పూడ్చకండి. చెవి ట్యాగు నంబరు కనబడేలా ఫోటో తీయండి.

ప్రధానమంత్రి పంటల బీమా కట్టినవాళ్లు, కోసి పొలంలో ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లోపు కబురు చేయాలి. 14447కు ఫోను చేయండి, లేదా బ్యాంకులోనో వ్యవసాయ కార్యాలయంలోనో రాసివ్వండి. కోసినప్పటి నుంచి 14 రోజుల లోపు జరిగిన నష్టానికే ఇది వర్తిస్తుంది, కాబట్టి కోత తేదీ ఎక్కడైనా రాసి ఉంచాలి. నెట్ రాలేదని మూడు రోజులు ఊరుకోవద్దు. కబురు మనిషికి సర్వే నంబరు, ఎకరాలు, కోత తేదీ ఎస్‌ఎంఎస్ పెట్టి ఆయన చేత 14447కు చేయించి, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు చార్టు మీద రాసుకోండి.